ఏటీవీ రాక్ పదే పదే ఎందుకు విరుగుతోంది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

రొయ్యల చెరువు గట్ల మీద, మామిడి తోటల్లో, ఊరి బయటి రిసార్టుల్లో ఏటీవీలు (ఎగుడుదిగుడు నేల మీద నడిచే, హ్యాండిల్‌తో తిప్పే నాలుగు చక్రాల బండ్లు) బాగానే తిరుగుతున్నాయి. బండితో వచ్చిన సామాను మన పనికి సరిపోదు. అందుకే రాక్ (సామాను మోసే చట్రం), బంపర్, అడుగు ప్లేటు, ట్రైలర్ కొక్కెం అన్నీ దగ్గర్లోని వెల్డింగ్ షాపులోనే చేయించుకుంటున్నారు. వాటి గురించి వచ్చిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: 25 కిలోల మేత బస్తాలు గట్టు మీదికి తీసుకెళ్లడానికి ఏటీవీ వెనక 16 ఎం.ఎం. టీఎంటీ చువ్వలతో రాక్ చేయించాను. రెండు నెలలకే కాలు దగ్గర విరిగింది. మళ్లీ వెల్డింగ్ పెట్టిస్తే ఆ పక్కనే విరిగింది. ఇంకా లావు చువ్వ వేయించమంటారా? – భీమవరం

జవాబు: లావు చువ్వ వద్దండి. మీకు కావాల్సింది పైపు. లెక్క చూడండి. 16 ఎం.ఎం. చువ్వ మీటరుకు 1.58 కిలోలు తూగుతుంది. 25.4 ఎం.ఎం. బయటి కొలత, 2 ఎం.ఎం. మందం ఉన్న ఎంఎస్ (మామూలు మెత్తటి ఇనుము) పైపు మీటరుకు 1.15 కిలోలే. వంగకుండా నిలబడే గుణం మాత్రం ఆ పైపుకు చువ్వ కంటే మూడు రెట్లు ఎక్కువ. వంపును ఆపేది మధ్యలో ఉన్న ఇనుము కాదు, అంచున ఉన్న ఇనుము. చువ్వ మధ్య భాగం మోసేది తక్కువ, తూగేది ఎక్కువ.

టీఎంటీతో ఇంకో ఇబ్బంది ఉంది. ఫ్యాక్టరీలో ఎర్రగా కాలిన చువ్వ మీద నీళ్లు కొట్టి పైపొరను గట్టిపరుస్తారు. దాని బలం అక్కడిదే. వెల్డింగ్ వేడి తగిలిన చోట ఆ పొర మెత్తబడుతుంది. పైగా చువ్వ మీది గీతల్లో, వెల్డింగ్ అంచు కలిసే మూలలోనే పగులు మొదలవుతుంది. స్లాబులో కాంక్రీటు చుట్టూ పట్టుకుని ఉంటుంది కాబట్టి టీఎంటీ అక్కడ బాగా పనిచేస్తుంది. రోజంతా అదిరే బండి మీద అది నిలవదు.

విరిగిన చోటును ఒకసారి దగ్గరగా చూడండి. వెల్డింగ్ ముద్ద పగిలి ఉండదు. ముద్ద ముగిసి అసలు ఇనుము మొదలయ్యే గీత వెంట పగులు ఉంటుంది. నిలువు కాలు పొడుగు కమ్మీకి సూటిగా తగిలే చోట అదురంతా ఆ గీత మీదే పడుతుంది. పగులు మీద ఇంకో పొర పెడితే ఆ గీత నాలుగు మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది, అంతే. అందుకే మీ రాక్ రెండోసారి పక్కన విరిగింది.

కొత్త రాక్ ఇలా చేయించండి. చుట్టు చట్రానికి 25.4 × 2 పైపు, అడ్డాలకు 19 × 1.6 పైపు వాడండి. అడ్డానికీ అడ్డానికీ మధ్య సుమారు 100 ఎం.ఎం. ఎడం చాలు. నాలుగు కాళ్లూ 25.4 పైపువే ఉండాలి. కాలి కింద 60 × 60 × 5 ప్లేటు పెట్టండి. కాలు చట్రానికి తగిలే ప్రతి మూలలో 40 × 40 × 3 ఎం.ఎం. త్రికోణపు ముక్క వేయించండి. త్రికోణం కొన సూదిలా ఉండకూడదు. కొనను ఐదారు మిల్లీమీటర్లు కోసేసి, వెల్డింగ్‌ను ఆ చివర చుట్టూ తిప్పాలి. సూది కొన దగ్గర వెల్డింగ్ ఆపేస్తే కొత్త పగులుకు మీరే చోటిచ్చినట్టు.

ఈ కొలతలతో 900 × 450 రాక్ ఆరున్నర కిలోలు తూగుతుంది. అదే రాక్ 16 ఎం.ఎం. చువ్వతో చేస్తే పది కిలోలు దాటుతుంది. ఈ తేడాను చిన్నదనుకోకండి. ఉదాహరణకు పొలారిస్ స్పోర్ట్స్‌మ్యాన్ 570 అనే ఏటీవీ వెనక రాక్‌కు కంపెనీ ఇచ్చిన పరిమితి 82 కిలోలు, ముందు రాక్‌కు 41 కిలోలు. కంపెనీ రాక్ మీదే మీ రాక్ బిగిస్తే దాని బరువు కూడా ఆ 82లోంచే పోతుంది. అప్పుడు మూడు బస్తాలు అంటే సరిగ్గా అంచు. గట్టు మీద రెండు బస్తాలతో సరిపెట్టుకుని, వాటిని నిలబెట్టకుండా పడుకోబెట్టి కట్టండి. బరువు ఎత్తుకు పోయేకొద్దీ గట్టు మలుపులో బండి పక్కకు ఒరుగుతుంది. మీ బండి వేరే మోడల్ అయితే దాని పుస్తకంలో పరిమితి చూసుకున్నాకే కొలతలు ఖాయం చేయండి.

ప్రశ్న: రాక్ మూలలు గుండ్రంగా రావాలని పైపు వంపిస్తే లోపలి వైపు నలిగిపోయింది. పొడవు కూడా తప్పింది. – తెనాలి

జవాబు: చాలా షాపుల్లో ఉండే హైడ్రాలిక్ బెండర్ నీళ్ల పైపుల కోసం చేసింది. దాని అచ్చులు ఎన్‌బీ కొలతలవి (పైపు లోపలి రంధ్రాన్ని బట్టి పిలిచే కొలత). ముప్పావు అంగుళం, అంటే 20 ఎన్‌బీ నీళ్ల పైపు బయటి కొలత 26.9 ఎం.ఎం. ఆ అచ్చులో మీ 25.4 పైపు పెడితే పక్కలకు ఆనదు, వదులుగా కూర్చుంటుంది. ఒత్తిడి పడగానే పక్కలకు ఉబ్బి, లోపలి వైపు నలుగుతుంది. రెండు దారులున్నాయి. ఒకటి, 25.4కు సరిపడే అచ్చు ఉన్న షాపుకు వెళ్లడం. రెండోది, అచ్చుకు తగ్గట్టు 20 ఎన్‌బీ పైపే కొనడం. పైపు మీద పసుపు గీత ఉంటే అది ‘ఏ’ (A) క్లాసు, పల్చనిది. నీలం గీత బీ, ఎరుపు గీత సీ. రాక్‌కు పసుపు గీత 20 ఎన్‌బీ చాలు. అది 2.35 ఎం.ఎం. మందం, మీటరుకు 1.42 కిలోలు. మీరు కొనేది జింకు పూత లేని నల్ల పైపే అయ్యుండాలి. జీఐ పైపు అయితే వెల్డింగ్ చేసే చోట రెండు వైపులా జింకు పూత గ్రైండ్ చేసి తీసేయాలి. జింకు కాలితే వచ్చే తెల్ల పొగ పీలిస్తే సాయంత్రానికి చలి జ్వరం పట్టుకుంటుంది.

వంచేటప్పుడు పైపు పొడవునా ఉండే అతుకు గీతను పక్కకు పెట్టించండి. వంపుకు లోపలి వైపుకు గానీ బయటి వైపుకు గానీ రానివ్వకండి. వంపు వ్యాసార్ధం పైపు కొలతకు మూడు రెట్లయినా ఉండాలి. 25.4కు 75 ఎం.ఎం. అనుకోండి. ఇసుక పోసి వేడి చేసి వంచే షాపులో అయితే ఇసుక పూర్తిగా ఎండినదై ఉండాలి. తడి ఉంటే లోపల ఆవిరి పుట్టి మూత తుపాకీ గుండులా ఎగురుతుంది.

ఇక పొడవు సంగతి. 90 డిగ్రీల వంపులో పైపు మూల దాకా వెళ్లి తిరగదు, అడ్డదారిన పోతుంది. 75 వ్యాసార్ధానికి వంపు పొడవు 118 ఎం.ఎం. మూల దాకా వెళ్లి తిరిగితే 150 అయ్యేది. కాబట్టి ప్రతి వంపుకూ 32 ఎం.ఎం. తీసేయాలి. పైపు నడిమి గీత లెక్కన 600 వెడల్పు, ఇరుపక్కలా 300 కాళ్లు ఉన్న యూ ఆకారానికి 1200 కాదు, 1136 ఎం.ఎం. పైపు సరిపోతుంది. అయినా చివర్లలో చెరో 20 ఎక్కువే ఉంచి, వంచాక కోయండి. పొట్టిదైన పైపును ఎవరూ పొడుగు చేయలేరు.

ప్రశ్న: మా రిసార్టులో ఆరు ఏటీవీలున్నాయి. ముందు బంపర్ల బోల్టులు ఊరికే వదులవుతున్నాయి. నేరుగా చాసిస్‌కు వెల్డింగ్ చేయించేస్తే పీడ పోతుంది కదా? – వికారాబాద్

జవాబు: వద్దు. ఈ ఒక్క మాట వినండి. ఏటీవీ చాసిస్ పల్చటి గోడ ఉన్న గొట్టం. ఫ్యాక్టరీలో ప్రతి అతుకూ ఎక్కడుండాలో చూసి పెట్టారు. దాని నడుమ మీరు ఒక వెల్డింగ్ పెడితే, పైన రాక్ విషయంలో చెప్పిన పగులు గీతను తెచ్చి చాసిస్ మీదే గీసినట్టు. రాక్ విరిగితే రాక్ మారుస్తారు. చాసిస్ విరిగితే బండే పోతుంది. బంపర్ రాయికి కొట్టుకున్నప్పుడు ముందు బంపర్ వంగాలి, తర్వాత బ్రాకెట్ వంగాలి, ఆ తర్వాత బోల్టు తెగాలి. చాసిస్ వరకు ఆ దెబ్బ రాకూడదు. అందుకే బంపర్‌కు 25.4 × 2 పైపు, బ్రాకెట్‌కు 4 ఎం.ఎం. ప్లేటు చాలు. 8 ఎం.ఎం. ప్లేటు పెట్టి గట్టిగా చేశామనుకోవడం పొరపాటు.

బోల్టులు వదులు కావడానికి కారణం చాలాసార్లు బోల్టు కాదు, రంగు. బ్రాకెట్‌కు రెండు వైపులా మందంగా పెయింటో పౌడర్ కోటింగో ఉంటే, బిగించిన బోల్టు కింద ఆ పొర నెమ్మదిగా నలుగుతుంది. పొర పల్చబడిన మేరకు బిగువు పోతుంది. బోల్టు కూర్చునే చోట, బ్రాకెట్ చాసిస్‌కు ఆనే చోట కోటింగ్‌కు ముందే టేపు వేసి ఇనుము బయటికి కనిపించేలా ఉంచండి. అక్కడ తుప్పు రాకుండా కాస్త గ్రీజు రాస్తే చాలు. బోల్టులు 8.8 అంకె (బలం తరగతి) ఉన్నవే వాడండి, దానికి నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉన్నది), కింద వెడల్పు వాషర్. ఎం8 బోల్టుకు సుమారు 25 న్యూటన్ మీటర్లు, ఎం10కు 48 దాకా టార్క్ రెంచితో బిగించండి. మొదటి ఐదు గంటలు నడిపాక ఇంకోసారి బిగించాలి. ఆరు బండ్లకూ ఈ రెండోసారి బిగింపు జరిగిందో లేదో రాసి పెట్టుకోండి. నైలాక్ నట్టును విప్పిన ప్రతిసారీ కొత్తది వేయండి.

రంధ్రాలు కూడా చూసుకోండి. ఎం8కు 9 ఎం.ఎం. రంధ్రం సరిపోతుంది. షాపులో తేలికని 12 కొట్టేస్తే బంపర్ ప్రతి దెబ్బకూ కదులుతుంది, కదిలితే నట్టు వదులవుతుంది. సర్దుబాటు కావాలంటే ఒక వైపు బ్రాకెట్‌కు మాత్రమే 9 × 16 పొడుగు రంధ్రం పెట్టండి.

రేడియేటర్ ముందు జాలీ కట్టిస్తుంటే గళ్లు 25 ఎం.ఎం. దాకా ఉండనివ్వండి. సన్న జాలీ ఒక్క వానకే బురదతో మూసుకుపోయి ఇంజను వేడెక్కుతుంది.

ప్రశ్న: బ్రాకెట్లు సరిగ్గా కుదరాలంటే బండి మీదే పెట్టి వెల్డింగ్ చేయాలి అంటున్నాడు మా మేస్త్రీ. ప్రమాదమా? – ఏలూరు

జవాబు: బండి మీద టాకులు (ముక్కను తాత్కాలికంగా పట్టి ఉంచే చిన్న వెల్డింగ్ చుక్కలు) మాత్రమే వేయించండి. పూర్తి వెల్డింగ్ విప్పి, బల్ల మీద చేయాలి. టాకులకు కూడా ముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాలి, ఫ్యుయెల్ ఇంజెక్షన్ బండి అయితే ఈసీయూ (ఇంజనును నడిపే కంప్యూటర్) ప్లగ్గు పీకాలి. ఎర్త్ క్లిప్పును వెల్డింగ్ చేసే ముక్కకే, అంగుళాల దూరంలో తగిలించాలి. వెనక చక్రం దగ్గర తగిలించి ముందు వెల్డింగ్ పెడితే కరెంటు బేరింగుల గుండా పోతుంది. గోళీల మీద చుక్క చుక్కగా కాలిన మచ్చలు పడి, నెల తిరక్కుండా బేరింగు మోత మొదలవుతుంది. పెట్రోలు ట్యాంకు దగ్గర పనైతే ట్యాంకు దించేయండి. తడి గోనె కప్పితే సరిపోతుందనే మాట నమ్మకండి.

ముందుగా అట్టతో మూస కోసి చూసుకుంటే సగం టాకుల అవసరమే ఉండదు. మూస పెట్టినప్పుడు ఇద్దరు మనుషుల్ని బండి మీద కూర్చోబెట్టండి, లేదా బెల్టు కట్టి సస్పెన్షన్‌ను పూర్తిగా కిందికి లాగండి. హ్యాండిల్‌ను అటూ ఇటూ చివరి దాకా తిప్పండి. నిలబడి ఉన్న బండికి చక్కగా కుదిరిన బ్రాకెట్, మొదటి గుంతలోనే టైరును కోసేసిన సందర్భాలు కొల్లలు.

ప్రశ్న: బండి కింద అడుగు ప్లేటు అల్యూమినియందా, ఇనుముదా? మేం నడిపేది వరి కోసిన పొలాల్లో, కొంత రాళ్ల దారిలో. – జడ్చర్ల

జవాబు: రాళ్లు తక్కువైతే 5 ఎం.ఎం. అల్యూమినియం, అదీ 5052 రకం. చదరపు మీటరుకు 13.5 కిలోలు పడుతుంది. 3 ఎం.ఎం. ఇనుప ప్లేటు 23.5 కిలోలు. ఇనుము రాయి మీద బాగా జారుతుంది, సొట్టలు తక్కువ పడతాయి, సొట్ట పడితే ఊళ్లోనే సరిచేస్తారు. అల్యూమినియం రాయిని పట్టుకుంటుంది గానీ తేలిక, తుప్పు బెడద తక్కువ. 6061 టీ6 ప్లేటు గట్టిదని కొనిపిస్తారు. కానీ దాన్ని చిన్న వ్యాసార్ధంతో వంచితే బయటి వైపు పగులుతుంది. 5052ను మందానికి ఒకటిన్నర రెట్ల వ్యాసార్ధంతో నిశ్చింతగా వంచవచ్చు.

లేజర్ కటింగుకు ఇచ్చే ముందు బెండింగ్ షాపు మిషన్‌కు సరిపడే లెక్క తెలుసుకోండి. అదే ప్లేటులోంచి సరిగ్గా 100 ఎం.ఎం. పొడవున్న ముక్క కోసి, మధ్యలో 90 డిగ్రీలు వంపించండి. రెండు కాళ్ల బయటి కొలతలూ కూడండి. 3 ఎం.ఎం. ఇనుముకు, లోపలి వ్యాసార్ధం కూడా 3 అయితే, సుమారు 105.3 వస్తుంది. ఆ అదనపు 5.3ను డ్రాయింగులో ప్రతి వంపుకూ తీసేయాలి. మీ ముక్కకు ఎంత వస్తే అంతే మీ లెక్క. పక్క షాపు మిషన్‌లో అది మారుతుంది.

మీరు వరి పొలం అన్నారు గనక అసలు హెచ్చరిక ఇది. ప్లేటుకూ ఇంజనుకూ మధ్య ఎండుగడ్డి చేరుతుంది. సైలెన్సర్ పైపు దాని పక్కనే కాలుతుంటుంది. బండ్లు తగలబడేది ఇలాగే. సైలెన్సర్ పైపు కిందుగా ప్లేటు వేయకండి, ఆ భాగం తెరిచి ఉంచండి. చేయి పట్టేంత కిటికీ ఒకటి వెనక వైపు పెట్టి, కోతల రోజుల్లో పూటకోసారి గడ్డి లాగేయండి. బురద నీరు దిగడానికి 20 ఎం.ఎం. రంధ్రాలు కొన్ని, ఇంజన్ ఆయిల్ దించే చోట ఒక పెద్ద రంధ్రం ఉండాలి. ప్లేటు ముందు అంచును పైకి వంచాలి, లేకపోతే అది నాగలిలా నేలలోకి దిగుతుంది. బోల్టు తలలు ప్లేటులోకి మునిగేలా ఉండాలి. బయటికి ఉంటే రాళ్లు వాటిని అరగదీస్తాయి, తర్వాత పానా పట్టదు.

ప్రశ్న: ఉప్పు గాలికి ఆరు నెలల్లోనే రాక్ తుప్పు పట్టింది. పౌడర్ కోటింగా, గాల్వనైజింగా? – నెల్లూరు

జవాబు: ఉప్పునీటి చెరువుల దగ్గర గాల్వనైజింగే, అంటే కరిగిన జింకులో ముంచి పూత వేయించడమే. పౌడర్ కోటింగ్ మీద ఒక్క గీత పడితే తేమ దాని కిందికి పాకి, పొర పొరగా లేచిపోతుంది. బస్తాలు, గొలుసులు రాసుకునే రాక్‌కు గీతలు తప్పవు. జింకు పూత మీద గీత పడినా చుట్టూ ఉన్న జింకు ముందు తినబడి, ఇనుమును కాస్త కాలం కాపాడుతుంది.

వేడి జింకులో ముంచాలంటే ప్రతి పైపుకూ రెండు చివర్లా కనీసం 8 ఎం.ఎం. రంధ్రాలు ఉండి తీరాలి. జింకు 450 డిగ్రీల దగ్గర ఉంటుంది. మూసేసిన పైపులో కాస్త నీరు ఉన్నా అది పేలి, కరిగిన జింకు మనుషుల మీద పడుతుంది. రంధ్రాలు ఎక్కడున్నాయో షాపుకు ఇచ్చే ముందు చూపించండి. గాల్వనైజింగ్ అయ్యాక మళ్లీ ఎక్కడా వెల్డింగ్, డ్రిల్లింగ్ పెట్టకుండా పనంతా ముందే ముగించండి. బోల్టు రంధ్రాలు అర మిల్లీమీటరు పెద్దవిగా కొట్టండి, జింకు పేరుకుని ఇరుకవుతాయి.

ప్రశ్న: మామిడి చెట్లకు మందు కొట్టడానికి వెనక రాక్ మీద 100 లీటర్ల ట్యాంకు స్టాండు చేయించవచ్చా? – నూజివీడు

జవాబు: కుదరదు. నీళ్లే వంద కిలోలు. ట్యాంకు, పంపు, స్టాండు కలిపితే ఇంకా ఎక్కువ. 50 లీటర్లకు దిగండి, ట్యాంకు లోపల అడ్డుపలకలు ఉన్నది కొనండి. సగం నిండిన ట్యాంకులో నీరు అటూ ఇటూ కొట్టుకోవడం నిండు ట్యాంకు కంటే ప్రమాదం. వంద లీటర్లే కావాలంటే చిన్న ట్రైలర్ చేయించి దాని మీద పెట్టండి.

ప్రశ్న: మాకు ఇక్కడ కొన్ని ఎకరాల స్థలం ఉంది. ఏటీవీకి ట్రైలర్ కొక్కెం చేయిద్దామనుకుంటున్నాను. అలాంటిదే ఒకటి ఊళ్లో నాన్నగారి బండికీ పంపాలని ఉంది. – డల్లాస్, టెక్సస్

జవాబు: అమెరికాలో రిసీవర్ గొట్టాలు (కొక్కెం దూర్చే చదరపు గొట్టాలు) రెండు కొలతల్లో బాగా దొరుకుతాయి. ఒకటింబావు అంగుళం దానికి అర అంగుళం పిన్ను, రెండంగుళాల దానికి ఐదు బై ఎనిమిది అంగుళం పిన్ను. మీది ఏదో ముందు కొలవండి. బాల్ (ట్రైలర్ కప్పు కూర్చునే గుండు) రెండంగుళాలది కొంటే అది 50.8 ఎం.ఎం. ఇండియాలో దొరికే బాల్ చాలావరకు 50 ఎం.ఎం. మీరు పంపిన రెండంగుళాల కప్పు ఇక్కడి 50 బాల్ మీద కూర్చున్నట్టే ఉంటుంది కానీ, గుంతలో లేచిపోయే అవకాశం ఉంది. బాల్, కప్పు రెండూ ఒకే చోట కొనండి, ఒక జతగా పంపండి.

ట్రైలర్ బరువులో పదో వంతు కొక్కెం మీద పడేలా బరువు సర్దాలి. 200 కిలోల ట్రైలర్‌కు 20 కిలోలు. వెనక బరువు ఎక్కువై కొక్కెం పైకి లేస్తే ట్రైలర్ పాములా ఊగుతుంది. కొక్కెం మీద బరువు ఎక్కువై కిందికి కుంగితే బండి ముందు చక్రాలు తేలిపోయి హ్యాండిల్ మాట వినదు. ఆ 20 కిలోలు కూడా వెనక రాక్ మీది బరువుతో కలిపి లెక్క వేయాలి.

ప్రశ్న: విన్చ్ (తాడు చుట్టుకుంటూ బండిని లాగే యంత్రం) బిగించడానికి ప్లేటు ఎంత మందం ఉండాలి? – పాడేరు

జవాబు: 2500 పౌండ్ల విన్చ్ అంటే 1134 కిలోల లాగుడు. 6 ఎం.ఎం. ఎంఎస్ ప్లేటు వేయండి. ప్లేటు అంచులు రెండూ కిందికి వంచితే 6 ఎం.ఎం. చాలా గట్టిగా నిలుస్తుంది. ఆ లాగుడు చాసిస్ అడ్డ పైపు మీదికే చేరాలి, బంపర్ మీదికి పోకూడదు. రాసిన లాగుడు బలం డ్రమ్ము మీద తాడు మొదటి చుట్టలో ఉన్నప్పుడే వస్తుంది, పైచుట్టల్లో తగ్గుతుంది. స్టీలు తాడు తీసి సింథటిక్ తాడు వేస్తుంటే పాత రోలర్లు కూడా మార్చండి. స్టీలు తాడు వాటి మీద చేసిన గాట్లు కొత్త తాడును నూలు నూలుగా కోస్తాయి.